పురుగుకు కరువు తెచ్చిన నీళ్లు

ఈ ఉదయం పక్కింటి కోడలు పెరట్లో వేపగింజలు దంచుతున్నది. ఆ చేదు వాసన గోడ దాటి నా వసారాలోకి వచ్చేసరికి, చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా కదలకుండా కూర్చున్నాను. పంతులమ్మగా ఆత్మకూరు వచ్చిన నాటి నుంచి ఏ రోజు సంగతి ఆ రోజు డైరీలో రాసుకున్నదాన్ని. కానీ ఈ వాసన వెనక ఉన్న సంగతి ఆ డైరీల్లో లేదు. అది జరిగేనాటికి నాకింకా అక్షరాలు రావు.

మా ఇల్లు ఉదయగిరి కొండ కింద, రాళ్లగోడల సందులో చివరిది. ధాత నామ సంవత్సరంలో వచ్చిన కరువులో ఆ సందున రోకటి పోటు వినపడలేదు, కోడి కూయలేదు. నాగజెముడు పళ్లను ఇసుకలో పొర్లించి, నూగుముళ్లు రాల్చి తినేవాళ్లం. నోరంతా ఎర్రబడితే ఒకరి నాలుక ఒకరికి చూపించుకుని నవ్వేవాళ్లం. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, అవ్వ విసిరిన పిండితో కాచిన జావ వగరు ఇప్పటికీ నాలుక మీద ఉంది. నాయన ఆత్మకూరు బాటన రాళ్లు కొట్టే పనికి పోయి, చీకటి పడ్డాక ఒళ్లంతా దుమ్ముతో వచ్చేవాడు.

అంత కరువులోనూ మా ఇంటి దూలానికి ఒక ఎండిన సొరబుర్ర వేలాడుతూనే ఉండేది. అందులో బూడిద కలిపి దాచిన గుప్పెడు చిక్కుడు గింజలు. అంచున ఊదారంగు చార ఉండే ఆ తెల్ల చిక్కుడు ఒకప్పుడు సందులో అందరికీ ఉండేదట. ఆకలికి తాళలేక అందరూ విత్తనాలు వండుకున్నారు. ఒకనాడు నాయన బుర్ర వైపు చూసి, "ఉడకేస్తే ఒకపూట గడుస్తాది గదమ్మా" అన్నాడు. అవ్వ తల ఎత్తకుండానే, "ఒకపూటే గదరా గడిచేది" అన్నది.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. తడిసిన మట్టి వాసనకి పిల్లలం వీధిలోకి పరుగెత్తి నోళ్లు తెరుచుకుని నిలబడ్డాం. అవ్వ బుర్ర దించి, గింజలన్నీ పెరట్లో పెట్టేసింది. మొలకలు రెండాకులు వేశాయో లేదో, కొండ మీద నుంచి ఎర్ర గొంగళిపురుగులు దిగి వచ్చాయి. తెల్లారి చూస్తే సగం పాదుల్లో కాడలే మిగిలాయి. బూడిద చల్లితే వాన కడిగేసింది. పుల్లతో ఏరి నీళ్లకుండలో వేస్తే, ఏరినన్ని మళ్లీ వచ్చేవి. ఆ నాలుగు తీగలూ పోతే సందులో ఆ చిక్కుడు ఇక లేనట్టే.

"మందేదన్నా సరే, తీగ మీద పొయ్యబాకండి. ముందు ఆముదపాకు మీద చూడండి" అని అవ్వ కట్టడి చేసింది. బొమ్మరింట్లో నేను వంటపాత్రలుగా ఆడుకునే కుండపెంకులు చూరు కింద వరసగా పేర్చాను. ఒక్కో దాంట్లో ఒక ఆముదపాకు, దాని మీద పురుగులు. ఒక ఆకుకు మాత్రం ఉత్త నీళ్లే చల్లాను. మందు వేయనిది ఎట్లా ఉంటుందో చూడాలని నాకే తోచింది.

పక్కింటి ముసలామె మస్తానమ్మ బొడ్లో తిత్తి విప్పి, ఉన్న ఒక్క పొగాకు ముక్కా ఇచ్చేసింది. "నా నోరు ఊరుకుంటాదిలే అక్కా, ముందు వాటి నోరు మూయించు." పొగాకు నీళ్లకు పురుగులు చచ్చాయి. కానీ పాదులన్నిటికీ చాలేంత పొగాకు ఊరంతా వెతికినా లేదు. తరువాత దీపం నూనెకని దాచిన వేపగింజలు దంచి, అవ్వ కషాయం కాచింది. మందంటే కాగాల్సిందేనని ఆమె నమ్మకం. అది చల్లిన ఆకును పురుగులు ఈనెల దాకా తినేశాయి. "కాకరకాయ కూరనుకున్నాయేమో, లొట్టలేసుకుని తిన్నాయి" అని మస్తానమ్మ నవ్వింది. అవ్వ నవ్వలేదు.

ఇంకొక్కసారి చూద్దామని మళ్లీ గింజలు దంచాం. ఆ సాయంత్రం జడివానకు కట్టెలు తడిసిపోయి పొయ్యి రాజుకోలేదు. దంచిన పప్పు కుండలో నీళ్లల్లోనే ఉండిపోయింది. పొద్దున మూత తీస్తే మజ్జిగలా తెల్లగా ఉంది. కాచకుండానే గుడ్డలో వడగట్టి, ఒక ఆకు మీద చల్లాను.

మర్నాడు అవ్వ వంగి చూసి, "బతికే ఉండాయి. పారబోసెయ్ మే" అని వెనక్కి తిరిగింది.

"అవ్వా, చావలా. కానీ తినలా, చూడు!"

అవ్వ ఆకును తీసి వెలుతురుకు పట్టి చూసింది. ఎక్కడా చిల్లు లేదు. ఉత్తనీళ్ల ఆకు మాత్రం వలలా ఈనెలతో మిగిలింది. ఇంకో పొద్దు ఆగి చూశాం. ఆకు పచ్చగానే ఉంది. దాని మీద పురుగులు వడిలి, ముడుచుకుని, ఒకటొకటిగా రాలుతున్నాయి. కరువు వచ్చాక అవ్వ పకపకా నవ్వడం నేను చూసింది అప్పుడే. "పురుగుకే కరువు తెచ్చినావు గదే పాపా!" అని నన్ను చంకనెత్తుకుని సందంతా తిప్పింది.

చిక్కుడాకు మీద ఆ నీళ్లు నిలవక జారిపోతుంటే, మస్తానమ్మ కుంకుడు రసం కలిపించింది. "తలకి పట్టేది ఆకుకి పట్టదా ఏంది?" పొద్దు వాలాక వేపమండతో నేనూ నాయనా చల్లాం. వాన కడిగినప్పుడల్లా మళ్లీ చల్లాం. తీగలు చిగురు వేశాయి, పందిరి ఎక్కాయి, చలికాలానికి ఊదాపూలతో నిండిపోయాయి.

తొలికాపు అవ్వ కోయనివ్వలేదు. విత్తనానికని తీగ మీదే ఎండనిచ్చింది. సందులో ఆడవాళ్లంతా వచ్చి కొంగులు పట్టారు. మస్తానమ్మ ఇంటికప్పు మీదికి పాకింది, వరికుంటపాడుకు కాపురానికి పోయిన పిల్ల ఒడిలోనూ పోయింది ఆ చిక్కుడు. మలికాపు కూర కలిపిన సంగటి ముద్ద చేతిలో పట్టుకుని నాయన, "ఆనాడు నా మాట వినుంటే ఒకపూటకే అయిపోయుండేది" అన్నాడు. అవ్వ ఇంకో గరిటె వడ్డించింది.

అవ్వ లేదు, మస్తానమ్మ లేదు. ఆ సందులో గోడలు కూలి కంప మొలిచింది. దూలానికి సొరబుర్ర కట్టే ఇల్లు ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. మా పెరటి పందిరి మీద మాత్రం ఊదా అంచు చిక్కుడు కాస్తూనే ఉంది. పక్కింటి కోడలు పెట్టుకున్నదీ నేనిచ్చిన గింజే.

ఇంత రాసేసరికి గోడ అవతల నుంచి పొగ వాసన వచ్చింది. కలం పక్కన పెట్టి, కర్ర ఊతతో గబగబా గోడ దగ్గరికి పోయి కేకేశాను:

"ఓమ్మాయ్, పొయ్యి ఆర్పు! ఆ గింజలు కాచబాక, చన్నీళ్లలో నానెయ్!"