ఉస్తాద్ అడిగిన పట్టకారు

నా చిన్నప్పుడు మా నాన్న ప్రొద్దుటూరులో బాడుగ కారు నడిపేవాడు. నాకు తొమ్మిదేళ్లున్నప్పటి సంగతి. కాన్పయిన మా అత్తను, పసిబిడ్డను మరునాడు కడప ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకురావాలి. సరిగ్గా ఆ రోజు పొద్దున, కారు కదిలినప్పుడల్లా అడుగున టకటకమని చప్పుడు మొదలైంది.

మా వీధి చివర ఒక ముసలి మెకానిక్కు ఉండేవాడు. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు. ఆయన కారు కిందికి దూరి చూసి, వెనక ఇరుసును తిప్పే కడ్డీ దగ్గర జాయింటు అరిగిపోయిందన్నాడు. కొత్త జాయింటు ఆయన దగ్గరే ఉంది. పాతదాన్ని బిగించి ఉంచిన ఉక్కు రింగులు తీయడానికి మాత్రం సూదిమూతి పట్టకారు కావాలి. ఆయనది విరిగిపోయింది. దుకాణాలన్నీ తిరిగాం, దొరికినవన్నీ చిన్నవే.

"సుత్తితో కొట్టి తీస్తే రాదా మామా?" అన్నాడు నాన్న.

"వస్తాదప్పా. దాంతో పాటు రింగు కూచునే గాడి గూడా పగులుతాది. రేపు ఈ కార్లో పసిబిడ్డను తెస్తాండావు గదా!"

అలాంటి పట్టకారు పులివెందులలో ఒకతని దగ్గర ఉందని ఆయనకు తెలుసు. అతను ఈయన దగ్గరే పని నేర్చుకుని, గొడవపడి వెళ్లిపోయి, సొంత షెడ్డు పెట్టుకున్నాడు. ఆరేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. ఉస్తాద్ చాలాసేపు చేతులు తుడుచుకుంటూ కూర్చున్నాడు. తర్వాత లేచి, ఉతికిన చొక్కా తొడుక్కుని బస్సెక్కాడు. నాన్నా, నేనూ వెంట వెళ్లాం.

షెడ్డు ముందుకొచ్చాక ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఒరే, నీ పట్టకారు ఒక పూట ఇస్తావా? నాది ఇరిగిపోయింది" అన్నాడు.

జీపు కింద పని చేస్తున్న శిష్యుడు ఒంటినిండా మరకలతో బయటికొచ్చాడు. "మీరు నన్ను అడగల్లా ఉస్తాద్? తెమ్మంటే సాలదా?" అన్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి, ముఖం మాత్రం పండగలా ఉంది. పట్టకారు ఇచ్చి ఊరుకోలేదు. షెడ్డు మూసి మాతోపాటే బస్సెక్కాడు. ఆనాటి గొడవలో తప్పెవరిదో దారి పొడుగునా ఇద్దరూ నవ్వుతూ వాదించుకున్నారు. ఊరు చేరాక రింగులు ఒక్కొక్కటే సులువుగా ఊడివచ్చాయి. మరునాడు మా అత్త బిడ్డ కడప నుంచి ఇంటిదాకా హాయిగా నిద్రపోయాడు.

పెద్దయ్యాక నేను బడిపంతులమ్మనయ్యాను. ఇప్పుడు ఫోనులో పెన్షను పనేదైనా తెలియకపోతే, ఒకప్పుడు నా దగ్గర అక్షరాలు దిద్దిన పిల్లలనే అడుగుతాను. అడిగేముందు కొంచెం బెరుకు ఇప్పటికీ ఉంటుంది. అయినా అడుగుతాను. నేర్పేటప్పుడు వాళ్ల ముఖాల్లో కనిపించే ఆ వెలుగును నేనెందుకు ఆపాలి?