వీపు వైపు నుంచి చూసిన స్వామి

ఆ ఏటి వానలకు వాగు పొంగి, అత్తిముగం దారి గట్టు మీద నిలిపిన మా ఆంజనేయస్వామి రాయిని పడదోసి ఎటో ఈడ్చుకుపోయింది. అప్పుడు నాకు ఏడో నెల. అంతకుముందు కడుపు రెండుసార్లు నిలవలేదు. మా ఊళ్ళో కడుపుతో ఉన్నవాళ్ళు రోజూ ఆ రాయి చుట్టూ తిరిగి, స్వామి వెనకవైపుకు వచ్చినప్పుడు ఆగి వీపుకు నుదురు ఆనించాలి. రామలక్ష్మణులను మోసిన వీపు నీ బిడ్డను మోయదా అనేది మా అత్త.

ఊరివాళ్ళు రాయి ముందువైపు చెక్కిన ఎత్తిన చేతి కోసం, తోక కోసం ఇసకంతా వెతికారు. దొరకలేదు. కడుపులో బిడ్డ కాసేపు కదలకపోతే నా ఒళ్ళు చల్లబడేది.

ఒక ఉదయం అత్తతో కలిసి వాగులోకి దిగాను. కల్వర్టు కట్టడానికి బర్గూరు నుంచి వచ్చిన రాతిపనివాళ్ళు అడ్డంగా పడున్న ఒక బండను చీల్చడానికి సుత్తి, ఉలి తీశారు. నేను ఆ బండను దాటిపోయాను కూడా. ఏదో అనిపించి వెనక్కి తిరిగాను. దాని మీద ఒక తెల్లచార నేలబారుగా సాగుతోంది. తల పక్కకు వంచి చూశాను. చార భుజం నుంచి నడుముకు దిగింది, జందెంలా. నుదురు ఆనించినప్పుడు రోజూ నా కళ్ళముందు ఉండేదే.

వెళ్ళి బండ మీద కూర్చున్నాను.

"లేమ్మా, సుత్తి తగుల్తాది," అన్నాడు పెద్ద పనివాడు.

"ఇది మా సామప్పా."

"యాడమ్మా మొగం? బండలన్నీ సాములైతే మేము దేన్ని కొట్టేది?"

"బోర్లా పడినాడు. తిప్పి చూడండి."

అత్త వచ్చి నా పక్కనే కూర్చుంది. "ఇద్దరు ఆడోళ్ళను కొట్టేదానికి నీ సుత్తి చాలదులేప్పా. గడ్డపార తే."

వాళ్ళు తిప్పుతుంటే కళ్ళు మూసుకున్నాను. మొహం పగిలిపోయి ఉంటే? కళ్ళు తెరిచేసరికి భయం రెట్టింపైంది. నేను తల వైపు నిలబడ్డాను. నోరు కళ్ళకు పైన ఉంది. ఎవరిదో తెలియని మొహం.

"మన సామి కాదత్తా."

అత్త నా భుజం పట్టి కాళ్ళ వైపుకు నడిపించింది. "ఈడ నిలబడి చూడు."

ఆయనే. చెంప మీద ఇసక తప్ప గీత కూడా లేదు.

నెలలు నిండాక కృష్ణగిరి ఆసుపత్రిలో బిడ్డ కాళ్ళతో ఎదురొచ్చింది. నర్సమ్మ మొహం మారింది. ఇసకలో తలకిందులుగా కనిపించినా గీత కూడా పడని ఆ మొహాన్నే కళ్ళలో పట్టుకుని ఉన్నాను, బిడ్డ ఏడుపు వినబడేదాకా.