కొబ్బరినీళ్లలో మాత్ర

పలాస స్టేషన్లో, జ్వరంతో ఉన్న మా చిన్నదానికి నా తలనొప్పి మాత్ర సగం విరిచి వెయ్యబోయాను. పక్కన కూర్చున్న ఆవిడ నా గుప్పిట పట్టుకుని మూసేసింది. జీడిపిక్కల పనికి నల్లబడిన వేళ్లు.

"పెద్దోల్ల మాత్ర పిల్లలకెయ్యకమ్మా. మా పాపకి అమ్మోరు పోసింది. అమ్మోరు పోత్తే మాం మందెయ్యం. మా ఆడపడుసు నాకు తెలీకుండా ఇలాటిదే కొబ్బరినీల్లలో కలిపి పట్టింది. అమ్మోరు దిగిందనుకున్నాక వాంతులు, మగత. నన్నే గురుతట్టలేదు పాప. పెద్దాసుపత్రిలో డాక్టరు, ఏటైనా మాత్రేసారా అనడిగాడు. నాను అమ్మోరి మీద ఒట్టేసి, లేదన్నాను. మా ఆడపడుసు నా పక్కనే నిలబడుంది."

ఆ పాప దక్కలేదట. అమ్మోరు పోసిన పిల్లల్లో ఏ వేలమందిలోనో ఒకరికి అలాంటి మాత్ర తిరగబడుతుందని ఆ డాక్టరే అన్నాడట. ఊళ్లో మాత్రం, మైల కలిపి అమ్మోరికి కోపం తెప్పించిందని ఈవిడనే అన్నారట.

"ఆడపడుచు?" అన్నాను.

"అదీ నన్నే అంది. ఏడాదెల్లాక మాయాయనతో నిజం సెప్పుకుని ఏడత్తంటే ఇన్నాను. ఇన్నానని దానికి తెల్దు."

అంతలో ఒకామె రెండు కప్పులతో వచ్చింది. "వదినా, టీ సల్లారిపోతాది, తాగు."

ఆవిడ కప్పు అందుకుంది. తాగేముందు, రోజూ చేసే పనిలాగే, ఒకసారి వాసన చూసింది.