మామ్మ కట్టిన రొయ్యల జాడీ

నాలుగు రోజులు ఊరెళ్ళి వచ్చేసరికి భీమవరంలో మా ఫ్లాట్‌కి కరెంటు పోయి ఎన్నాళ్ళయిందో ఎవరూ చెప్పలేదు గాని, తలుపు తియ్యగానే ఫ్రిజ్ చెప్పేసింది. మా అమ్మాయి ఇల్లంతా గులాబీ వాసన స్ప్రే కొట్టింది. ఫ్రిజ్‌లో కుళ్ళిన రొయ్యలకి గులాబీలు తోడయ్యాయి తప్ప వేరే ప్రయోజనం కనబడలేదు. ఆ వాసనే నన్ను మొగల్తూరులో మా వంటింటికి తీసుకుపోయింది.

మామ్మ, అంటే మా నాన్న తల్లి, పొద్దున్నే గిన్నెల మూతలు వరసగా తీసి వాసన చూసేది. రాత్రి పప్పు, మామిడికాయ పులుసు, ముంతలో చద్దన్నం, మధ్యాహ్నం దాటితే నమ్మడానికి వీల్లేని కొబ్బరి పచ్చడి, దేనికైనా ఒక్క పీల్పు చాలు. తీర్పులు రెండే: కంచంలోకి, లేదా పెరట్లో గేదె కుడితి గోలెంలోకి. అప్పీలు లేదు. మూతలు తీసేది ఎవరైతే వంటిల్లు వాళ్ళది.

ఒక ఏడు ఎండలు ముదిరే ముందు ఆవిడకి జ్వరమొచ్చింది. అది పోతూ పోతూ వాసనని వెంట తీసుకుపోయింది. నురగ కట్టిన పప్పుని "బావుంది" అన్నప్పుడు పక్కనున్న నాకు సంగతి తెలిసిపోయింది. మామ్మ నా చెయ్యి పట్టుకుని, "మీ అమ్మకి తెలిస్తే నన్ను వీధరుగు మీద కూర్చోబెడతారే. రోజూ పొద్దున్న నా పక్కన నిలబడు," అంది. అలా మూడో తరగతిలోనే నాకు ఉద్యోగం వచ్చింది. బావుంటే కొంగు ఒకసారి లాగాలి, పాడైతే రెండుసార్లు. జీతం బెల్లం ముక్క.

వానాకాలానికి ముందు ఎండు రొయ్యలు జాడీలో పోసి, గుడ్డ కట్టి అటకెక్కించడం మా ఇంట్లో ఆనవాయితీ. ఆ ఏడు ముసురు ముందే పట్టింది. నేను బళ్ళో ఉన్నాను. పైవి గలగలమన్నాయి కదా అని మామ్మ కట్టేసింది. అడుగువి తడారక గలగలమనలేదు.

నాలుగో రోజుకి ఇల్లు వాసన కొట్టేసింది. ఎలక చచ్చిందని నాన్న ధాన్యం బస్తాలన్నీ జరిపించాడు. అమ్మ సాంబ్రాణి వేస్తే ఆ ఎలకకి పూజ జరుగుతున్నట్టుంది. అందరూ ముక్కులు మూసుకోవడం చూసి మామ్మ కూడా మూసుకుంది. నేను అటకకేసి చూస్తూ కొంగు రెండుసార్లు లాగాను.

ఎలకే అనుకోనివ్వచ్చు. మామ్మ అనుకోనివ్వలేదు. లేచి నిలబడి, "ఎలక కాదమ్మా, రొయ్యల జాడీ. కట్టింది నేనే. జ్వరం వచ్చిన్నాటినుంచీ నాకు వాసన తెలీట్లేదు," అంది.

అమ్మ సాంబ్రాణి కింద పెట్టింది. "తెలుసండి అత్తయ్యగారూ. రోజూ మీరు లేవకముందే నేనో మాటు చూసి, పాడైనవి పారబోస్తున్నాను."

అన్ని నెలల్లో కొంగు రెండుసార్లు లాగాల్సిన అవసరం నాకెందుకు రాలేదో అప్పుడర్థమైంది.

జాడీని కొబ్బరిచెట్టు మొదట్లో పూడ్చారు. అటకని సున్నపు నీళ్ళతో కడిగి, మూలమూలనా పళ్ళేల్లో బొగ్గులు పెట్టి, వానైనా సరే కిటికీలు మూయనివ్వలేదు మామ్మ. మర్నాడు పొద్దున్న అమ్మ గిన్నెల జోలికి పోకుండా, "మీరే తియ్యండి, నేను పక్కనుంటాను," అంది. మామ్మ మూత తీసి, మెతుకు వేళ్ళ మధ్య నలిపి, తీగ సాగుతుందేమో చూసింది. ఆ పైన ఉన్నన్నాళ్ళూ వేళ్ళతోనే తీర్పులిచ్చింది. నాకు ఉద్యోగం పోయింది, బెల్లం కూడా.

ఇప్పుడా అటకా లేదు, గోలెమూ లేదు. స్ప్రే డబ్బా చెత్తబుట్టలో పడేసి, ఫ్రిజ్ అరలన్నీ వంటసోడా నీళ్ళతో కడిగి, ఇస్త్రీ బండి అతన్నడిగి తెచ్చిన బొగ్గులు పళ్ళెంలో పెట్టాను. మా అమ్మాయి పెరుగు డబ్బా తిప్పి చూసి, ఇంకా రెండు రోజులు గడువుందంది.

"తేదీ కాదే, మూత తియ్యి," అన్నాను.

తీసింది. మొహం చిట్లించింది. నమ్మకం కుదరక ఇంకోసారి వంగి వాసన చూసింది. గేదె లేదు గనక, సింకులో పారబోసింది.