ఆకులో మెరిసిన మచ్చ

ముట్టుకోవద్దు అంటే ముట్టుకోవద్దనే కదా అర్థం? ఇందులో రెండో అర్థం ఎక్కడుంది? మా ల్యాబ్ వాళ్లేమో ఇప్పటికీ నన్నే అంటున్నారు, సరిగ్గా చెప్పలేదని. ఇంకెంత సరిగ్గా చెప్పాలి? ఎండలో పెట్టొద్దన్నాను. కడగొద్దన్నాను. ఫ్యాన్ వెయ్యొద్దన్నాను. పక్క గదిలో ఉన్న మనిషికి వాయిస్ మెసేజ్ కూడా పెట్టాను. మా అత్త అన్నీ విన్నది, అన్నీ పాటించింది. నేను చెప్పకుండా వదిలేసింది ఒక్కటే ఉంటే, సరిగ్గా అదే చేసింది.

మా అత్తావాళ్లది నర్సీపట్నం. నేను పుట్టి పెరిగింది వైజాగ్‌లో, ఇప్పుడు అక్కడే ఫార్మసీలో పీజీ చేస్తున్నాను. నా ప్రాజెక్టు నేలవేము మీద. జీడితోటల్లో చెట్ల కింద ఎవరూ నాటకుండానే మొలిచే చిన్న మొక్క అది. పొద్దున ఒక ఆకు నాలిక మీద పెట్టుకుంటే ఆ చేదు మధ్యాహ్నం అన్నంలోకి కూడా వస్తుంది. మామూలు యాంటీబయాటిక్‌లకి లొంగడం మానేసిన బ్యాక్టీరియా మీద ఈ ఆకు ఏమైనా పనిచేస్తుందా అన్నది నేను తేల్చాలి. మొక్కల్లోంచి మందేంటి అని నవ్వేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఈ రోజు ఆస్పత్రుల్లో ఇచ్చే మందుల్లో బోలెడన్ని మొదట ఏదో ఒక మొక్కలో దొరికినవే. ఈ సంగతి నేను బస్సులో పక్క సీటు ఆవిడకి కూడా చెప్పాను, ఆవిడ అడక్కపోయినా.

చిక్కల్లా ఏంటంటే, వైజాగ్‌లో కొన్న ఆకుతో చేసిన మొదటి ప్రయత్నంలో దాదాపు ఏమీ రాలేదు. మా గైడ్ మేడమ్ ఒకటే మాట చెప్పింది. తాజా ఆకు నువ్వే వెళ్లి కోసుకురా, ఈసారి కూడా ఏమీ కనపడకపోతే ఈ టాపిక్ ఆపేసి నిన్ను టాబ్లెట్ల బెంచీకి వేస్తాను అని. టాబ్లెట్ల బెంచీ అంటే ఏంటో తెలుసా? గ్లాసులో మాత్ర వేసి అది కరిగేదాకా చూస్తూ కూర్చోవడం. నాలాంటిదాన్ని అక్కడ కూర్చోబెడితే మాత్ర కంటే ముందు నేను కరిగిపోతాను.

అందుకని వానలు తగ్గగానే అత్తావాళ్లింట్లో దిగాను. మామయ్య బండి మీద మాకవరపాలెం వైపు వెళ్లి, ఆయనకి తెలిసినవాళ్ల జీడితోటలో రెండు గోనెసంచుల నేలవేము కోసుకొచ్చాం. కోశాం అంటే, నేను వీడియో తీశాను, మామయ్య కోశాడు, చివర్లో నేనూ కోశాను. అత్తావాళ్ల ముందు గదిలో మంచాలు లేపేసి, పేపర్లు పరిచి, నీడలో ఆరబెట్టాం. వారం రోజులు ఆ ఇంట్లో అందరూ గోడవారగా నడిచారు. సగం ఆకు బాగా ఎండగానే నేను బలిఘట్టం వెళ్లాను. గుడికి కాదు, ఏటి ఒడ్డున రీల్ చేసుకోవడానికి. తిరిగొచ్చేసరికి అత్త ఆ సగాన్ని సంచిలో పోసి, మూతి కుట్టేసి, బస్సు పార్సిల్‌కి సిద్ధంగా పెట్టింది. ఎంత ముద్దొచ్చిందో ఆవిడ మీద. వెంటనే వైజాగ్ పంపించేశాను. ల్యాబ్‌లో నా ఫ్రెండ్ దాన్ని ఆల్కహాల్‌లో నానబెట్టి సారం తీసి పరీక్షలు మొదలుపెట్టింది. మిగతా సగం ఆరేదాకా నేను నర్సీపట్నంలోనే.

తర్వాత ఏమైందో చెప్తే నాకు ఇప్పటికీ చేతులు ఊరుకోవు. నేను బజార్లో చెరుకురసం తాగుతున్నాను. ఫ్రెండ్ దగ్గర్నుంచి ఫోటో వచ్చింది. ఆకు సారాన్ని సన్నని పలక మీద పాకిస్తే అందులోని పదార్థాలు విడివిడిగా మచ్చల్లా కనిపిస్తాయి. ఆ పలకని నీలి దీపం కింద పెట్టి తీసిన ఫోటో అది. ఎప్పుడూ ఉండే మచ్చల మధ్యలో, అంతకుముందు ఎప్పుడూ లేనిది ఒకటి, పసుపుపచ్చగా మిణుగురు కూర్చున్నట్టు మెరుస్తోంది. కింద నా ఫ్రెండ్ రాసింది: ఏంటే ఇది?

నేను గ్లాసు అక్కడే వదిలేసి ఇంటిదాకా పరిగెత్తాను. ఆ మర్నాడు ఇంకో ఫోటో. మొండి బ్యాక్టీరియా పెంచిన పళ్లెంలో మా సారం పెట్టిన చోట చుట్టూ ఖాళీ వలయం. అంటే అంతమేర బ్యాక్టీరియా పెరగలేదన్నమాట. మొదటిసారి వచ్చిన బిక్కమొహం వలయం కాదు, చంటిపిల్ల చేతిగాజు సైజులో ఉంది.

ఇక అత్తావాళ్లింట్లో జరిగినదాన్ని పెళ్లి అనొచ్చు. అత్త బూరెలు వండింది. మామయ్య వీధిలో కనపడ్డ ప్రతివాళ్లకీ మా పిల్ల మందు కనిపెట్టేసిందని చెప్పాడు. అది మందు కాదు మామయ్యా, పళ్లెంలో చచ్చిన బ్యాక్టీరియా మాత్రమే, మనిషికి మందయ్యేలోపు ఇంకా కొండంత పని ఉందని నేను వెనకాల నుంచి అరుస్తూనే ఉన్నాను. అయినా ఎవరో మోకాళ్ల నొప్పులకి ఒక పొట్లం కట్టివ్వమని వచ్చారు. వాళ్లని పంపించేసరికి నా గొంతు పోయింది. కానీ లోపల్లోపల నేనూ తక్కువ తినలేదు. కొత్త పదార్థానికి పేరు కూడా ఆలోచించేశాను. మొక్కల్లో దొరికేవాటికి చాలా వరకు చివర్లో 'ఇన్' ఉంటుంది కాబట్టి 'నర్సిన్' అని పెడదామనుకున్నాను. నర్సీపట్నానికి ఆ మాత్రం గౌరవం ఉండాలి. ఫోటో ఎవరెవరికి పంపానో నాకే గుర్తులేదు. స్కూల్లో నాకు కెమిస్ట్రీ రాదన్న అమ్మాయికి మాత్రం మొదట పంపాను.

మేడమ్‌కి కూడా పంపాను. ఆవిడ నుంచి వచ్చింది ఒకే ఒక్క బొటనవేలు గుర్తు. మర్నాడు మధ్యాహ్నం డిపార్టుమెంటులో రివ్యూ. నా టాపిక్ ఉంటుందో ఊడుతుందో ఆ మీటింగులో తేలుతుంది. నాకైతే తేలిపోయినట్టే ఉంది.

రివ్యూ రోజు పొద్దున్నే మిగతా సగం ఆకు కూడా ఎండిపోయింది. నేను ఫోన్ చూసుకుంటూ ముందు గదిలోకి వెళ్లాను. అత్త నేల మీద కూర్చుని ఉంది. ఒళ్లో చేట, చేటలో నా ఆకు, పక్కన ఏటికొప్పాక లక్క భరిణె, మూత తీసి. చిటికెడు తీసి ఆకు మీద జల్లుతోంది, చేత్తో కలుపుతోంది, మళ్లీ జల్లుతోంది. ఆవిడ వేళ్లన్నీ పచ్చగా ఉన్నాయి.

"అత్తా, ఏం చేస్తున్నావ్?"

"ఏటి సేత్తాను? పసుపు జల్లుతున్నాను. లేపోతే పురుగట్టేయదేటి?"

నేను భరిణె లాక్కున్నాను. "మొన్న పంపినదాంట్లో కూడా వేశావా?"

"ఎయ్యకేటి మరి. కందిపప్పుకి ఎయ్యనా, పెసలకి ఎయ్యనా? నీ ఆకు ఏటి పాపం సేసింది?"

నేను అరిచాను. చాలా అరిచాను. మామయ్య పెరట్లోంచి సబ్బు నురగతో వచ్చి చూసి, మళ్లీ వెళ్లిపోయాడు. నా నర్సిన్, నా మిణుగురు, నేను స్కూలు అమ్మాయికి పంపిన ఆ మచ్చ, అంతా వంటింటి పసుపు. పసుపులో ఉండే కర్క్యుమిన్ నీలి దీపం కింద అలాగే మెరుస్తుంది, నేను సెకండియర్‌లో చదివి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అత్త అంతా విని, చేట కింద పెట్టి, చాలా నిదానంగా అంది.

"ఎండొద్దన్నావు, పెట్టలేదు. నీళ్లొద్దన్నావు, తగలనివ్వలేదు. గాలొద్దన్నావు, ఉక్కతో సచ్చాం గాని ఫ్యాన్ ఎయ్యలేదు. పసుపొద్దని ఎప్పుడన్నావమ్మా, సెప్పు?"

నాకు నవ్వొచ్చింది. కోపంలో వచ్చే నవ్వు ఆపడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకి తెలుసు. నేను నవ్వుతుంటే అత్తకి కోపమొచ్చింది. ఆవిడ కోపం చూసి నాకు ఇంకా నవ్వొచ్చింది. ఇద్దరం ఆ ఆకు మధ్యలో కూర్చుని కళ్లు తుడుచుకున్నాం. ఆవిడకి కళ్లకింద పసుపు అంటింది.

కానీ మధ్యాహ్నం రివ్యూ. మేడమ్ ఆ ఫోటో అందరి ముందు పెట్టిందంటే ఆవిడ పరువు కూడా పోతుంది. చెప్తే నా టాపిక్ పోతుంది. నేనేం మహా ఆలోచించలేదు, నా చేతిలో ఫోన్ ఉంటే మనసులో మాట నిలవదు. కాల్ చేసి, నమస్కారం కూడా చెప్పకుండా, అది పసుపు మేడమ్, మా అత్త పసుపు అని చెప్పేశాను.

అవతల నుంచి మేడమ్ నవ్వు. రెండేళ్లలో నేను మొదటిసారి విన్నాను.

"ఫోటో చూడగానే కర్క్యుమిన్ అనుకున్నాను. నేలవేములోకి అదెలా వచ్చిందో నువ్వే కనుక్కుని చెప్తావా లేదా అని ఆగాను."

"మరి ఆ బొటనవేలు ఎందుకు పెట్టారు మేడమ్?"

"ఫోటో అందింది అని."

ఆ క్షణాన ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది, ఈఎమ్ఐ గుర్తొచ్చి ఆగాను. సరే మేడమ్, టాబ్లెట్ల బెంచీ ఏ వైపు ఖాళీ ఉందో చెప్పండి అన్నాను. ఆవిడ నన్ను ఆపింది. మచ్చ సంగతి తేలింది, మరి వలయం సంగతేంటని అడిగింది. ఆకు ఒక్కటే పెట్టినప్పుడు అంత రాలేదు. పసుపు ఒక్కటే అంత పని చేసిందా, లేక రెండూ కలిసి చేశాయా? కొన్ని బ్యాక్టీరియా లోపలికొచ్చిన మందుని మళ్లీ బయటికి తోసేస్తాయి. ఒక మొక్కలోని పదార్థం ఆ తోయడాన్ని ఆపితే ఇంకోదానికి పని చేసే వీలు దొరుకుతుంది. మొండి రోగాలకి కొత్త మందుల కోసం వెతికేవాళ్లు ఇప్పుడు ఇలాంటి జంటల మీద కూడా కష్టపడుతున్నారు. ఆకు వేరుగా, అదే పసుపు వేరుగా, రెండూ కలిపి పెట్టి చూడు, అందాకా రివ్యూలో గడువు నేనడుగుతాను, జంటలో విశేషం లేకపోతే బెంచీ ఎక్కడికీ పోదు అంది మేడమ్.

అదే పసుపు అంటే, ఏజెన్సీ కొండల్లో పండించి సంతకి తెచ్చిన కొమ్ములు అత్త కొని ఉడకబెట్టి ఎండబెట్టి దంచింది. అది డబ్బాడు, ఇంకా చేటలోకి ఎక్కని ఆకు ఒక సంచి మూటగట్టుకున్నాను. ఎంత కలిపిందో కూడా తెలియాలి కదా. మామయ్యకి తెలిసిన బంగారం కొట్టుకి అత్తని తీసుకెళ్లి, అక్కడి త్రాసు మీద చిటికెడు వెయ్యమన్నాను. ఒకసారి వేసినట్టు ఇంకోసారి లేదు. నేను వీడియో తీస్తుంటే మరీ అన్యాయం.

"నువ్వలాగ గుడ్లప్పగించి సూత్తుంటే నా సెయ్యి పన్జెయ్యదే. ఆ ఫోన్ అవతల పెట్టు ముందు."

పెట్టాను. జీవితంలో నాచేత ఫోన్ పక్కన పెట్టించిన మనిషి ఆవిడొక్కతే.

వైజాగ్ వెళ్లాక మూడు పళ్లేలూ నేనే పెట్టాను. మర్నాడు పొద్దున ల్యాబ్ తాళం తీయకముందే గుమ్మంలో నిలబడ్డాను. ఆకు చుట్టూ చిన్న వలయం. పసుపు చుట్టూ ఇంకొంచెం చిన్నది. రెండూ కలిపినదాని చుట్టూ, మళ్లీ, గాజంత. ఒక్కసారి వస్తే లెక్కలోకి రాదని, విసుగొచ్చేదాకా మళ్లీ మళ్లీ చెయ్యాలని మేడమ్ చెప్పింది. చేస్తున్నాను, వస్తూనే ఉంది, నాకు విసుగు రావడం లేదు. టాపిక్ నాదే. కారిడార్‌లో గెంతినందుకు పక్క డిపార్టుమెంటు సార్ తలుపేసుకున్నారు.

ఇప్పుడు గొడవంతా రాతలో. ల్యాబ్ వాళ్లు రిపోర్టులో 'పొరపాటున జరిగిన కల్తీ' అని రాయమంటున్నారు. మిగతాదేదైనా దిద్దండి, ఆ మాట మాత్రం రాయను అన్నాను. మా అత్త పెళ్లయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో పోసిన ప్రతి గింజకీ, పురుగు పట్టకూడదని తెలిసి, కావాలని, చేత్తో చేసిన పని అది. ఆవిడ పద్ధతి ఆవిడకుంది, తెలియంది మాకు. మరి దాన్ని పొరపాటు అని ఎవరి వైపు నుంచి రాస్తారు, మీకు దమ్ముంటే చెప్పండి?