పరీక్షకి వెళ్దామని అనలేని రెండేళ్లు

టెక్కలిలో డిగ్రీ పిల్లలకి నేను ఏటా ఒకే విషాద నాటకం చెప్పేవాణ్ణి. పగ తీర్చుకోవలసిన రాకుమారుడు ఆలోచిస్తూ కూర్చుంటాడు. చేతిలో కత్తి ఉంటుంది, చెయ్యి లేవదు. చావు తర్వాత ఏముందో తెలియని భయం మనిషిని ఎలా కట్టిపడేస్తుందో నలభై నిమిషాలు ఏకధాటిగా వాయించేవాణ్ణి. పిల్లలు బుద్ధిగా నోట్సు రాసుకునేవారు. చెప్పీ చెప్పీ నా గొంతంటే నాకే విసుగొచ్చేసింది.

మా ఊరు మందస దగ్గర. నాకంటే ఆరేళ్లు పెద్దవాడైన అన్నయ్య అక్కడే ఉండి జీడితోట చూసుకునేవాడు. నేను ఆదివారాలు వెళ్లేవాణ్ణి. రెండువేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో, కిడ్నీ జబ్బు ఊళ్లకి ఊళ్లనే తినేస్తున్న మా ఉద్దానంలో మనిషి ఎదురైతే మొహం కంటే ముందు పాదాలు చూసేవాళ్లం. పాదాలు ఉబ్బాయంటే కిడ్నీ పోయినట్టే లెక్క. అయినా రక్తపరీక్షకి ఎవరూ కదిలేవారు కాదు. పరీక్ష చేయిస్తేనే జబ్బు అంటుకుంటుందన్నట్టు మాట్లాడేవారు. "ఆ కాయితం ఇంటికొచ్చిన రోజే మంచం పట్టీసాడు" అని పోయిన పొరుగాయన గురించి చెప్పుకునేవారు. పాఠాలు చెప్పుకునేవాణ్ణి, ఆ మాట నవ్వి కొట్టిపారేయాలి కదా! ఎక్కడ? నాకూ అదే భయం.

ఒక ఆదివారం చూస్తే, అన్నయ్య పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. పట్టీ నొక్కినచోట లోతుగా గాడి పడింది. 'పద, విశాఖ వెళ్దాం' అనడానికి ఎంతసేపు? నేను ఆలోచించాను. ఆయన కూతురి పరీక్షలు అయ్యాక చెబుదామనుకున్నాను. అయ్యాయి. జీడిపిక్కలు ఏరే రోజులు, ఇప్పుడు కంగారు పెట్టడం దేనికనుకున్నాను. అవీ అయ్యాయి. తర్వాత వానలు, కోతలు, మా కాలేజీకి ఇన్‌స్పెక్షన్. సాకులకి కరువా? అలా రెండేళ్లు గడిపేశాను. పిరికితనానికి జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాను, సిగ్గులేని మనిషిని.

మళ్లీ పిక్కలు ఏరే రోజులొచ్చాయి. అన్నయ్య రెండు చెట్ల కింద ఏరేసరికి ఆయాసపడి కూలబడ్డాడు. ఇక ఆగలేకపోయాను. ఎలాగో అనేశాను.

"అన్నయ్యా, రేపు విశాఖ వెళ్దాం. ఒక్కసారి రక్తం పరీక్ష చేయిద్దాం."

ఆయన తల ఎత్తలేదు. "నానెల్లొచ్చీసాన్రా. మొన్న దసరాకి ముందే."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే బెంగెట్టుకుంటావు. నీ గుండె సంగతి నాకు తెల్దేటి? నా కాళ్లకేసి సూడ్డం, మొకం తిప్పుకోడం. రెండేళ్లనుంచీ సూత్తన్నాను గదా."

 పక్కనే కూర్చుండిపోయాను.

"డాక్టరేమన్నాడు?"

"రెండూ పోనాయన్నాడు. ఓ ఏడాది ముందొచ్చుంటే ఏదో ఒకటి సేద్దుమన్నాడు." ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండును. ఒళ్లో పిక్కలు గంపలో వేసి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేవబోయాడు. నేను చెయ్యి అందించాను.

"మీ ఇంట్లో సదువుకున్నోలు ఒక్కరూ లేరా అని డాక్టరు ఇసుక్కున్నాడ్రా," అన్నాడు నా చెయ్యి పట్టుకుని. "నీకు మాట రాకూడదని, లేరని సెప్పీసాను."