సైరన్ టిఫిన్ పేరు అమ్మబోయాను

భిలాయి స్టీల్ ప్లాంటు దగ్గర, మేముండే క్యాంప్ 2లో ఒక ఇడ్లీ బండి ఉంది. దానికి బోర్డు లేదు. ప్లాంటు సైరన్ మోగే వేళకి మొదటి వాయి దిగుతుందని, షిఫ్టుకి వెళ్ళేవాళ్ళే దానికి సైరన్ టిఫిన్ అని పేరు పెట్టేశారు. నడిపే ఆవిడ మా అందరికీ సైరన్ పిన్ని, హిందీవాళ్ళకి సైరన్‌వాలీ దీదీ. శ్రీకాకుళం వైపు నుంచి కోడలిగా వచ్చిన మనిషి. కాంట్రాక్టు పనిచేసే భర్త పోయాక ఆ బండి మీదే ఇల్లు నెట్టుకొచ్చింది.

నేను నెహ్రూ నగర్‌లో కంప్యూటర్లు నేర్పుతాను. దాంతోపాటు ఒక పక్క వ్యాపారం ఉంది. వెబ్‌సైట్ అడ్రసుగా పనికొచ్చే పేర్లని, అంటే డొమైన్లని, ముందుగా నా పేరున రిజిస్టర్ చేసుకుని, కావలసినవాళ్ళు వస్తే అమ్ముతాను. పెద్ద కంపెనీల పేర్ల జోలికి పోను. కేసంటే భయం. ఏ పేరైనా ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో వెతికి, ఎవరిదీ కాదని తేలాకే తీసుకుంటాను. నా జాగ్రత్తకి నన్ను నేనే మెచ్చుకునేవాణ్ణి కూడా. సైరన్ టిఫిన్ కూడా వెతికాను, లేదు, తీసేసుకున్నాను. రోజూ ఆ బండి దగ్గరే తింటూ, ఆ పేరు ఆవిడదని నాకు తట్టలేదు. మీరు నమ్మకపోయినా తప్పులేదు.

రాయపూర్‌లో హోటళ్ళు పెట్టబోతున్న ఒకాయన ఆ డొమైన్ అడిగాడు. ఆయనది నాకంటే ఎక్కువ జాగ్రత్త. "భిలాయిలో ఆ పేరుతో ఎవరో బండి నడుపుతున్నారట. ఆ పేరు ఇకమీదట వాడనని ఆవిడ రాసిస్తేనే తీసుకుంటాను" అన్నాడు.

దుర్గ్‌లో తెలిసిన వకీలుని అడిగాను. "పేరుకి కాపీరైట్ ఉండదు కదా సార్?"

ఆయన నవ్వాడు. "ఇది కాపీరైట్ కాదయ్యా, ట్రేడ్‌మార్క్ సంగతి. రిజిస్టర్ చేయకపోయినా, ముందునుంచీ ఆ పేరుతో వ్యాపారం చేస్తున్నవాళ్ళకి హక్కుంటుంది. వాళ్ళంతట వాళ్ళే వదులుకుంటే వేరే మాట."

నేను ఆఖరి ముక్కే చెవిన పెట్టాను.

మా క్యాంపులో ఒక పద్ధతి ఉంది. రేషన్ కార్డయినా, గ్యాస్ కనెక్షనయినా, కాగితాలు నింపేది చదువుకున్న మనవాళ్ళ పిల్లలే. పెద్దవాళ్ళు సంతకం ఎక్కడని అడుగుతారే గాని, అందులో ఏముందని అడగరు. అడిగితే మనవాణ్ణి అనుమానించినట్టు.

హిందీలో టైపు చేసిన కాగితం పట్టుకెళ్ళి, "పిన్నీ, చిన్న కాగితం" అన్నాను.

చెయ్యి కొంగుకి తుడుచుకుంది. "ఎక్కడెట్టాల బాబూ?"

వేలు పెట్టి చూపించాను. వంకర గీతల సంతకం ఒకటి పెట్టేసింది, అందులో పేరేమిటో తెలియడం లేదు. పైన పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఇన్నేళ్ళుగా తింటున్నానే గాని ఆవిడ పేరు నాకు తెలీదు.

"నీ పేరేటి పిన్నీ?"

ఫక్కున నవ్వింది. "నా పేరు సెప్తే ఈ క్యాంపులో ఎవులికి తెలుస్తాది? సైరన్ అని రాసీ."

పెన్ను కదల్లేదు. ఉన్నదంతా చెప్పేశాను, డొమైను, రాయపూర్ ఆయన, ఆ కాగితం దేనికో, అన్నీ.

ఇడ్లీ రేకులు కడుగుతూ వింది. "అయితే రేపట్నించి జనం నన్నేటని పిలవాల?" అని అడిగింది. "సంతకం ఎట్టించుకున్నాక సెప్తన్నావేటి?" అంది మళ్ళీ. కాగితం నా చేతిలోంచి తీసుకుని పొయ్యిలో పెట్టింది. నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టలేదు, నాకు ప్లేటు పెట్టి వెనక ఉన్నతనికి చట్నీ వేసింది.

రాయపూర్ ఆయనకి కుదరదని చెప్పేశాను. పిన్ని అసలు పేరు కనుక్కుని, డొమైన్ ఆవిడ పేరుకి మార్చాను. ఆ పేరుకి ట్రేడ్‌మార్క్ కూడా చేయించాలని, వకీలు చేత దరఖాస్తు రాయించి, ఒక పొద్దున్న బండి దగ్గరికి తీసుకెళ్ళాను. సంతకం పెట్టాల్సిన చోట ముందే వేలు పెట్టి ఉంచాను.

పిన్ని నా వేలి వంక చూడలేదు. చెయ్యి తుడుచుకుని, బెంచీ చూపించింది.

"కూకో. మొదట్నించి సదువు."

షిఫ్టుకి వెళ్ళేవాళ్ళంతా ప్లేట్లు పట్టుకుని నిలబడి వింటుండగా, ఒక్కో లైనూ తెలుగులో చెప్పుకుంటూ ఆఖరి పేజీ దాకా చదివాను.